మైనరు రాసిన ప్రామిసరీ నోటు, పద్దెనిమిది నిండాక తిరగరాసిన నోటు: వీటిలో ఏది చెల్లుతుంది?

కాలువగట్టు

సభ్యులందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర ఒక గ్రామం. నాన్నగారు నాలుగేళ్ల క్రితం కాలం చేశారు. ఇంట్లో అమ్మ, నేను, పాలిటెక్నిక్ చదువుతున్న తమ్ముడు ఉంటున్నాం. తమ్ముడికి పదిహేడేళ్ల నాలుగు నెలల వయసున్నప్పుడు, మాకెవరికీ చెప్పకుండా, మా వీధిలోనే ఉండే ఒక వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 60,000 రూపాయలు తీసుకుని ప్రామిసరీ నోటు రాసి ఇచ్చాడు. అందులో 15,000 కాలేజీ ఫీజుకు, హాస్టలుకు కట్టాడు. మిగిలిన 45,000 పెట్టి ఒక పాత మోటారు సైకిలు కొన్నాడు. వడ్డీ ఒక్క నెల కూడా కట్టలేదు. వాడికి పద్దెనిమిదేళ్లు నిండిన రెండు నెలలకు ఆ వ్యాపారి పిలిపించి, అసలుకు పది నెలల వడ్డీ 18,000 కలిపి 78,000 రూపాయలకు కొత్త నోటు రాయించుకున్నారు. దాని మీద మా మేనమామ సంతకం కూడా ఉంది.

ఇప్పుడు ఆయన ఇంటికి వచ్చి, నాన్నగారి స్వార్జితమైన 90 సెంట్ల పొలంలో తమ్ముడికి వచ్చే మూడో వంతును జప్తు చేయిస్తానని, లేకపోతే అమ్మ గానీ నేను గానీ ఆ అప్పు నెత్తిన వేసుకోవాలని అంటున్నారు. మైనరు రాసిన నోటు చెల్లదని కొందరు, మేజరయ్యాక తిరగరాశాడు కాబట్టి చెల్లుతుందని కొందరు చెబుతున్నారు. తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

వాణిజ్యశాస్త్రం

నేను డిగ్రీ కళాశాలలో వ్యాపార చట్టం బోధిస్తాను. మొదటి నోటు సంగతి స్పష్టం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం సెక్షన్ 11 ప్రకారం మైనారిటీ తీరనివారికి ఒప్పందం చేసుకునే అర్హత లేదు. 1903లో, అప్పట్లో మన దేశానికి పై కోర్టుగా ఉన్న లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ మొహోరీ బీబీ కేసులో తేల్చినది కూడా అదే. మైనరు చేసుకున్న ఒప్పందం తర్వాత రద్దు చేసుకోదగినది కాదు, అది మొదటి నుంచీ లేనట్టే లెక్క. ఆ కేసులో కలకత్తాకు చెందిన ధర్మదాస్ ఘోష్ అనే మైనరు తన ఇళ్లను తాకట్టు పెట్టి 20,000 రూపాయలకు, ఏటా నూటికి 12 వడ్డీకి, పత్రం రాశాడు. అబ్బాయి ఇంకా మైనరేనని అతని తల్లి తరఫు వకీలు ముందే ఉత్తరం రాసి హెచ్చరించినా, వ్యాపారి తరఫు మనిషి ఆ వ్యవహారాన్ని నడిపించాడు. తాకట్టు చెల్లదని కోర్టులన్నీ చెప్పాయి. ఇచ్చిన డబ్బైనా తిరిగి ఇప్పించమని వ్యాపారి పక్షం అడిగితే, ఆ వివరాలన్నీ చూశాక అందుకు కూడా ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకోలేదు.

వయసు లెక్కకు 1875 నాటి మేజారిటీ చట్టం ఉంది. పుట్టిన రోజును పూర్తి రోజుగా లెక్కలోకి తీసుకుని, పద్దెనిమిదో పుట్టినరోజు మొదలైన క్షణం నుంచి మేజరుగా పరిగణిస్తారు. కోర్టు సంరక్షకుణ్ణి నియమించిన పిల్లలకు ఒకప్పుడు 21 ఏళ్ల నియమం ఉండేది. 1999 సవరణతో అది పోయింది.

వడ్లకొట్టు

నేను వడ్ల వ్యాపారిని. అవసరంలో ఉన్నవారికి చేబదుళ్లు, నోటు మీద అప్పులు ఇస్తుంటాను కాబట్టి ఎదుటివైపు మాట చెప్పకుండా ఉండలేను. పదిహేడేళ్ల నాలుగు నెలల కుర్రవాడికి మీసాలు వచ్చి ఉంటాయి, చేతిలో ఫోను ఉంటుంది, బండి నడుపుతుంటాడు. పద్దెనిమిది నిండాయని అతనే చెబితే మేము ఏ పుస్తకం తెరిచి చూడాలి? డబ్బు తీసుకున్న మాట నిజం, ఖర్చు పెట్టుకున్న మాట నిజం. ఎనిమిది నెలలు తక్కువైనందుకు అసలు కూడా ఎగ్గొట్టవచ్చని చట్టం చెబుతుంటే, అది అబద్ధమాడిన వాడికి బహుమానమే అవుతుంది. నేను కాలువగట్టు గారి కుటుంబాన్ని నిందించడం లేదు. కానీ ఇచ్చినవాడి సొమ్ము కూడా కష్టార్జితమే.

పాతదస్తావేజు

నేను జిల్లా కోర్టులో సివిల్ వైపు ప్రాక్టీసు చేస్తున్నాను. వడ్లకొట్టు గారు లేవనెత్తినది న్యాయమైన ప్రశ్న, అందుకే ముందు దానికే జవాబు చెబుతాను.

వయసు గురించి అబద్ధం చెప్పినా, ఆ అబద్ధం వల్ల చెల్లని ఒప్పందం చెల్లేది కాదు. అయితే చేతికి అందిన లాభం సంగతి వేరు. 1928లో లాహోరు హైకోర్టు పూర్తి ధర్మాసనం ఖాన్ గుల్ కేసులో, వయసు దాచి భూమి అమ్ముతానని డబ్బు తీసుకున్న మైనరు ఆ డబ్బు తిరిగి ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఇంగ్లండు కోర్టులు అంత దూరం వెళ్లలేదు. వస్తువు చేతిలో ఉంటే ఇప్పించారు గానీ, ఖర్చయిపోయిన డబ్బును తిరిగి కట్టమనలేదు. మన పార్లమెంటు 1963లో నిర్దిష్ట పరిహార చట్టం చేసినప్పుడు సెక్షన్ 33లో ఒక మధ్యేమార్గం పెట్టింది. మైనరునన్న కారణంతో ప్రతివాది దావాను గెలిస్తే, ఆ ఒప్పందం వల్ల అతనికి గానీ అతని ఆస్తికి గానీ ఎంత లాభం చేకూరిందో అంత మేరకు తిరిగి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. ఇది కోర్టు విచక్షణ. కాబట్టి 45,000 పెట్టి కొన్న మోటారు సైకిలు ఇంకా మీ ఇంటి ముందే ఉంటే, దాని విలువ గురించి కోర్టు అడగకుండా వదిలిపెడుతుందని అనుకోవద్దు.

ఇక్కడ ఒక ముఖ్యమైన ప్రశ్న అడగాలి. అప్పు ఇచ్చిన పెద్దమనిషికి మీ తమ్ముడి వయసు నిజంగా తెలియదా?

కాలువగట్టు

బాగా తెలుసండి. నాన్నగారి పెద్దకర్మకు వచ్చి భోజనం చేసి వెళ్లిన మనిషి. అప్పుడు తమ్ముడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడని అందరి ముందూ జాలిపడ్డారు కూడా. తమ్ముడు తన వయసు గురించి ఏమీ చెప్పలేదని, ఆయన అడగనూ లేదని ప్రమాణం చేసి చెబుతున్నాడు.

పాతదస్తావేజు

అయితే మోసం అనే వాదనకు ఆయన దగ్గర బలం లేదు. నిజం తెలిసి కూడా ఇచ్చినవారు తాము మోసపోయామని చెప్పుకోలేరు. మొహోరీ బీబీ కేసులో వ్యాపారి పక్షం దెబ్బతిన్నది కూడా సరిగ్గా ఈ కారణానికే.

ఫీజుకు కట్టిన 15,000 లెక్క మాత్రం విడిగా చూడాలి. ఒప్పందాల చట్టం సెక్షన్ 68 ప్రకారం, మైనరుకు అతని జీవన స్థితికి తగిన అవసరాలు సమకూర్చినవారు ఆ సొమ్మును అతని ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చు. అన్నం, బట్ట, వైద్యం, చదువు ఈ అవసరాల కిందకు వస్తాయి. వాటి కోసం ఇచ్చిన అప్పునూ కోర్టులు అలాగే చూశాయి. మోటారు సైకిలు సాధారణంగా ఆ కోవలోకి రాదు. ఇందులో రెండు విషయాలు గుర్తు పెట్టుకోవాలి. మొదటిది, ఆ బాధ్యత మైనరు ఆస్తి మీదే ఉంటుంది, అతని మీద వ్యక్తిగతంగా ఉండదు. ఆస్తి లేని పిల్లవాడి దగ్గర రాబట్టడానికి ఏమీ ఉండదు. మీ తమ్ముడికి పొలంలో వాటా ఉంది కాబట్టి ఈ 15,000 విషయంలో ఆయన వాదన నిలబడే అవకాశం ఉంది. రెండోది, అది నోటు మీద హక్కు కాదు. అందువల్ల నోటులో రాసిన మూడు రూపాయల వడ్డీని దాని ఆధారంగా అడగలేరు.

ఖమ్మంమెట్టు

మధ్యలో మాట్లాడుతున్నందుకు మన్నించండి. మా అబ్బాయికి పదహారేళ్లు. నా ఫోనులో ఒక రుణ యాప్ దించుకుని, నా పాన్ కార్డు, ఆధార్ వివరాలు పెట్టి, నా ఫోనుకు వచ్చిన ఓటీపీ కొట్టి 8,000 రూపాయలు తీశాడు. వాడు మైనరు కాబట్టి ఆ అప్పు చెల్లదని నేను చెప్పవచ్చా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

అమ్మా, మీ సమస్య వేరు. అక్కడ అప్పు తీసుకున్నట్టు నమోదైనది మీ అబ్బాయి పేరు కాదు, మీ పేరు. అందువల్ల మైనరు ఒప్పందం అనే వాదన మీకు ఉపయోగపడదు. మీరు ఆ అప్పుకు సమ్మతించలేదన్నదే మీ వాదన కావాలి. రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణ నిబంధనల ప్రకారం యాప్ వెనుక ఏ బ్యాంకు లేదా ఆర్థిక సంస్థ ఉందో వారు మీకు చెప్పి తీరాలి. అప్పు నచ్చకపోతే అసలు, ఆ కొద్ది రోజుల ఖర్చు మాత్రమే కట్టి జరిమానా లేకుండా బయటపడే గడువు కూడా ఉండాలి. ఆ గడువు ఇంకా ఉంటే వెంటనే వాడుకోండి. ముందు ఆ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు. వెనుక ఏ సంస్థా లేని దొంగ యాప్ అయితే, ఫోనులోని పరిచయాలకు మీ ఫోటోలు పంపుతామని బెదిరిస్తుంటే, ఆలస్యం చేయకుండా సైబరు నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి.

ఇదే సందర్భంలో బ్యాంకుల తీరు గురించి ఒక మాట చెబుతాను. 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చు. అయితే ఆ ఖాతాలో ఓవర్‌డ్రాఫ్టు (నిల్వకు మించి డబ్బు తీసుకునే వీలు) ఇవ్వకూడదు, ఎప్పుడూ నిల్వ ఉండాలి. దాచుకోవడానికి అనుమతి ఉంది, అప్పుకు లేదు. నా సర్వీసులో విద్యారుణం అడిగిన పిల్లవాడికి పదిహేడేళ్లుంటే, తండ్రినో తల్లినో రుణగ్రహీతగా చూపించి వారి సంతకాల మీదే డబ్బు ఇచ్చేవాళ్లం. పిల్లవాడి సంతకాన్ని నమ్ముకుని ఒక్క రూపాయి కూడా ఇచ్చేవాళ్లం కాదు. పదవ తరగతి మార్కుల పత్రం చూడటానికి ఒక నిమిషం పడుతుంది. వడ్లకొట్టు గారు అడిగిన పుస్తకం అదే. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి సరైన రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది కాబట్టి పాఠశాల పత్రాన్నే చూడటం మేలు.

వడ్లకొట్టు

విశ్రాంత ఉద్యోగి గారి మాటను ఒప్పుకుంటున్నాను. నేను ఇకపై ఆ పత్రం చూసే ఇస్తాను. కానీ అసలు సందేహం అలాగే ఉంది. మేజరయ్యాక, తెలివి తెచ్చుకుని, తన చేత్తో తానే నోటు తిరగరాశాడు కదా? మా ఊళ్లలో మూడేళ్లు నిండబోతుంటే నోటు తిరగరాయడం మామూలే. తిరగరాసిన నోటు చెల్లదని ఎవరూ అనరు.

న్యాయవిద్యార్థిని

పెద్దలంతా అనుమతిస్తే ఈ ప్రశ్నకు నేను జవాబు రాస్తాను. మామూలుగా నోటు తిరగరాసినప్పుడు పాత బాకీయే కొత్త నోటుకు ప్రతిఫలం, అంటే ఇచ్చిన మాటకు బదులుగా ముట్టినది, అవుతుంది. పాత బాకీ చట్టప్రకారం ఉన్నది కాబట్టి కొత్త నోటు నిలబడుతుంది. ఇక్కడ పాత బాకీ అనేదే చట్టం దృష్టిలో లేదు. లేనిదాన్ని తర్వాత ఆమోదించడం కుదరదు. 1928లో అలహాబాదు హైకోర్టు సూరజ్ నారాయణ్ కేసులో సరిగ్గా ఇటువంటి తిరగరాసిన పత్రాన్నే చూసి, మైనరుగా ఉన్నప్పుడు తీసుకున్న డబ్బు మేజరయ్యాక చేసిన వాగ్దానానికి ప్రతిఫలం కాదని చెప్పింది. మద్రాసు హైకోర్టు అంతకుముందే ఇదే మాట చెప్పింది. కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని రాసి ఇస్తే చెల్లుతుంది కదా అని మా తరగతిలో ఒకరు అడిగారు. అది ఒకప్పుడు నిజంగా ఉండి, గడువు దాటిన బాకీకి సంబంధించిన నియమం. మైనరు అప్పు ఎన్నడూ బాకీ కాలేదు.

పాతదస్తావేజు

చాలా బాగా చెప్పావమ్మా. చట్టం నువ్వు చెప్పినట్టే ఉంది. అయితే కోర్టు గదిలో దాన్ని రుజువు చేసే భారం ఎవరి మీద పడుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇటువంటి కేసుల్లో ఓడిపోయినవారిలో ఎక్కువమంది చట్టం తెలియక కాదు, రుజువు లేక ఓడిపోవడం నేను చూశాను.

ప్రామిసరీ నోట్లు, చెక్కుల వంటి పత్రాలకు వర్తించే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టం సెక్షన్ 118 ప్రకారం, నోటు మీద సంతకం ఒప్పుకున్న వెంటనే ప్రతిఫలం ముట్టిందనే కోర్టు ముందుగా భావిస్తుంది. ముట్టలేదని చూపించాల్సింది సంతకం చేసినవారే. రెండో నోటులో "ఈ రోజు మీ వద్ద నగదుగా పుచ్చుకున్న 78,000 రూపాయలు" అని రాసి ఉంటుంది. పాత నోటు ప్రస్తావన ఉండదు. అప్పటికి మీ తమ్ముడు మేజరు. కోర్టు ఆ కాగితాన్ని మాత్రమే చూస్తే అది నిఖార్సైన నోటు. అందుకే ఇది పాత నోటుకు తిరగరాతేనని చూపించే ఆధారం మీ చేతిలో ఉండాలి. మొదటి నోటు ఏమైంది?

కాలువగట్టు

రెండో నోటు రాసిన రోజున మొదటిది తిరిగి ఇచ్చేశారు, తమ్ముడు అక్కడే చింపేశాడు. కొత్తగా ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. అయితే అంతకు రెండు వారాల ముందు ఆయనే మొదటి నోటు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, "అసలు, వడ్డీ కలిపి 78 అయింది, వచ్చి తిరగరాయి" అని కింద రాశారు. అది తమ్ముడి ఫోనులో ఉంది.

పాతదస్తావేజు

ఆ ఫోను జాగ్రత్త. సందేశాన్ని చెరపవద్దు, ఫోనును అమ్మవద్దు, మరమ్మతుకు ఇచ్చి డేటా పోగొట్టుకోవద్దు. ఆ ఫోటోలో తేదీ కనిపిస్తుంది. దానికి పదవ తరగతి పత్రం తోడైతే మొదటి నోటునాటికి మైనరేనని తేలిపోతుంది. 60,000కు పది నెలల వడ్డీ కలిపితే సరిగ్గా 78,000 కావడం కూడా మీకు మేలే.

కొత్త డబ్బు ఇవ్వలేదన్నారు, అది మీకు అనుకూలం. మేజరయ్యాక మళ్లీ కొంత నగదు ఇచ్చి, పాతదీ కొత్తదీ కలిపి పత్రం రాయించుకున్న ఒక పాత కేసులో కలకత్తా హైకోర్టు మొత్తానికీ బాధ్యుణ్ణి చేసింది. కాబట్టి ఇప్పుడు ఆయన "ఇంకో ఐదు వేలు తీసుకో, లెక్క సరిచేసి ఇంకో నోటు రాసుకుందాం" అంటే మీ తమ్ముడు ఆ గడప తొక్కకూడదు.

జప్తు బెదిరింపు విషయానికి వస్తే, ఆయన దావా వేసి డిక్రీ (బాకీ కట్టమనే కోర్టు ఉత్తర్వు) పొందే వరకు పొలం జోలికి రాలేరు. డిక్రీకి ముందే జప్తు కావాలంటే, మీరు ఆస్తిని దాటించేస్తున్నారని కోర్టును నమ్మించాలి. కానీ సమన్లు వస్తే మాత్రం, ఈ నోటు ఎలాగూ చెల్లదు కదా అని ఊరుకోకండి. హాజరు కాకపోతే ఏకపక్షంగా డిక్రీ అవుతుంది. మైనరు వాదనను కోర్టు ముందు పెట్టనివారి తరఫున ఆ వాదనను కోర్టు వెతికి తీసుకురాదు.

అమ్మగారికి, మీకు ఈ అప్పుతో ఏ సంబంధమూ లేదు. కొడుకు చేసిన అప్పుకు తల్లి గానీ, తమ్ముడి అప్పుకు అన్న గానీ తాము రాసి ఇవ్వనిదే బాధ్యులు కారు. దయచేసి ఇద్దరిలో ఎవరూ ఏ కాగితం మీదా సంతకం చేయకండి.

వాణిజ్యశాస్త్రం

మేనమామ గారి సంతకం సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన హామీదారైతే, అసలు అప్పు చెల్లనప్పుడు హామీ మాత్రం ఎలా నిలబడుతుందన్నది నాకు ఆసక్తికరమైన ప్రశ్న. 1894లో బొంబాయి హైకోర్టు మైనరుకు హామీ ఉన్నవారు బాధ్యులేనని చెప్పింది. తర్వాత మద్రాసు హైకోర్టు అందుకు భిన్నంగా చెప్పింది.

పాతదస్తావేజు

హామీ అనే మాట కన్నా ముందు, ఆయన సంతకం ఎక్కడ ఉందో చూడాలి. మన నోట్లలో చివర సాక్షుల సంతకాలు, రాసినవారి దస్తూరి ఉంటాయి. సాక్షిగా చేసిన సంతకానికి ఏ బాధ్యతా ఉండదు. ఆయన మీ తమ్ముడి సంతకం కిందే, రెవెన్యూ స్టాంపు దగ్గరే సంతకం చేసి ఉంటే, ఆయన కూడా నోటు రాసి ఇచ్చినవారే అవుతారు. అప్పుడు ఆయన మేజరు కాబట్టి పరిస్థితి మారిపోతుంది. ప్రతిఫలం లేదనే వాదన ఆయనకూ ఉంటుంది గానీ, అది అంత సులువుగా నెగ్గదు. పిల్లవాడి సంతకం చెల్లదని తెలిసిన వ్యాపారులు ఇంట్లో ఒక పెద్ద చేత సంతకం చేయించుకునేది ఇందుకే.

కాలువగట్టు

మామయ్యను అడిగాను. "సాక్షి" అని రాసి ఉన్న చోటే సంతకం చేశానని, 2 అనే అంకె పక్కన తన ఊరి పేరు కూడా రాశానని చెప్పారు. మనసు కొంత తేలికపడింది.

అమ్మ మాట కూడా ఇక్కడ చెప్పాలి. చట్టం ఏం చెప్పినా, వాడి చదువుకు వెళ్లిన డబ్బు ఆ మనిషిదేనని, దాన్ని ఉంచుకుంటే నాన్నగారు ఒప్పుకోరని అంటోంది. పొలంలో తమ్ముడి వాటాలోంచి ఒక తుండు అమ్మి అప్పుడే లెక్క తేల్చి ఉంటే ఈ గొడవ ఉండేది కాదేమోనని కూడా బాధపడుతోంది.

పాతదస్తావేజు

తల్లి సంరక్షకురాలిగా మైనరు భూమిని అమ్మడం గురించిన ఒక ప్రసిద్ధ తీర్పు మన ప్రాంతం నుంచే వెళ్లింది. కాకుళం సుబ్రహ్మణ్యం, కుర్రా సుబ్బారావు మధ్య నడిచిన కేసు అది. తండ్రి చేసిన అప్పులు తీర్చడానికి తల్లి కుదుర్చుకున్న అమ్మకపు ఒప్పందం మైనరుకు కట్టుబడేదేనని 1948లో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. కానీ 1956లో హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం వచ్చాక, మైనరు సొంత భూమిని అమ్మాలంటే కోర్టు అనుమతి తప్పనిసరి. అనుమతి లేకుండా అమ్మితే, మేజరైన మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని అతను కాదనవచ్చు. ఆ చట్టం ప్రకారం సంరక్షకులు తమ మాటతో మైనరును వ్యక్తిగతంగా బాధ్యుణ్ణి చేయనూ లేరు. కాబట్టి అమ్మగారు అప్పుడు అమ్మి ఉంటే ఇంకో చిక్కు వచ్చేది. ఆ బాధ అవసరం లేదు.

ఇవ్వాలన్న ఆమె ఆలోచనను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. నా సలహా ఇది. ఫీజు డబ్బు 15,000, మోటారు సైకిలు అమ్మితే వచ్చిన సొమ్ము, ఈ రెండింటినీ ఇవ్వజూపండి. సెక్షన్ 68, సెక్షన్ 33 కలిపి చూస్తే కోర్టు కూడా దాదాపు అక్కడికే రావచ్చు. నగదు చేతికివ్వవద్దు, బ్యాంకు ఖాతాకు పంపండి. "పాక్షిక చెల్లింపు" అనే మాట ఎక్కడా రాయనివ్వవద్దు. పూర్తి పరిష్కారంగా పుచ్చుకున్నట్టు రాయించుకుని, నోటు వెనుక బాకీ తీరిందని చెల్లు వేయించి, అసలు నోటును వెనక్కి తీసుకోండి. ఈ మూడూ ఒకేసారి, అక్కడ కూర్చుని ఉండగానే జరగాలి.

వడ్లకొట్టు

నేను ఆ వ్యాపారి స్థానంలో ఉంటే ఈ మాటకు ఒప్పుకునేవాణ్ణి. వడ్డీ పోతుంది, అసలులో కొంత పోతుంది. అయినా దావా ఖర్చు, ఏళ్ల తరబడి వాయిదాలు, చివరికి వచ్చేదీ ఇంతేనని తెలిశాక పట్టుదలకు పోవడంలో అర్థం లేదు. వయసు తెలిసి ఇచ్చినవారు ఆ నష్టం భరించాల్సిందేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కాలువగట్టు

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. మోటారు సైకిలుకు 31,000 వచ్చింది. ఊరి పెద్దలు ఇద్దరి సమక్షంలో మొత్తం 46,000 ఆయన ఖాతాకు పంపాం. మొదట ఒప్పుకోలేదు. తమ్ముడు తన ఫోనులోని సందేశాన్ని, పదవ తరగతి పత్రాన్ని చూపించాక కాసేపు మౌనంగా కూర్చుని, నోటు తెప్పించి వెనుక చెల్లు వేసి ఇచ్చారు. ఈ నోటును కూడా చింపేయవచ్చా?

పాతదస్తావేజు

చింపవద్దు. చెల్లు వేసిన నోటు, ఆయన రాసిచ్చిన రసీదు, బ్యాంకు చెల్లింపు కాగితం, మూడింటినీ కలిపి భద్రపరచండి. నోటు తేదీ నుంచి దావా గడువు మూడేళ్లు. ఆ మూడేళ్లు దాటి మరికొంత కాలం గడిచే వరకు ఆ కట్ట ఇంట్లోనే ఉండాలి.